మంచం పక్కన డాక్టర్లు మాట్లాడుకునే మాటలు

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది పెరంబూరు. నాయుడుపేటలో ఉండే మా మామగారికి (61) ఆయాసం ఎక్కువైతే పోయిన వారం చెన్నై తీసుకొచ్చి ఒక పెద్దాసుపత్రిలో చేర్చాం. కుడి ఊపిరితిత్తి దగ్గర నీరు చేరిందన్నారు. మర్నాడు పొద్దున పెద్ద డాక్టరు, ఆయన వెనకాల ఏడెనిమిది మంది చిన్న డాక్టర్లు వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. ఒకమ్మాయి కేస్ షీట్ చూస్తూ గబగబా ఇంగ్లీషులో చెప్పింది, పెద్దాయన ఏవో ప్రశ్నలు వేశారు. అందులో టీబీ అనీ, మాలిగ్నెన్సీ (క్యాన్సర్) అనీ రెండు మూడుసార్లు నా చెవిన పడింది. తర్వాత మామగారి భుజం తట్టి "పాక్కలాం" (చూద్దాం) అని తమిళంలో అని వెళ్ళిపోయారు. ఆయనకు ఇంగ్లీషు రాదు గనక ఏమీ తెలియలేదు, నాకు తెలిసింది, అప్పటి నుంచి ఒకటే టెన్షన్. మావారికి చెప్పాను, అత్తయ్యకు చెప్పలేదు. క్యాన్సర్ అని తెలిసి కూడా మా దగ్గర దాస్తున్నారా? అడిగితే విసుక్కుంటారా?

జవాబు: అమ్మా, మీరు విన్నవి మీ మామగారికి ఉన్న జబ్బుల పేర్లు కావు. నీరు ఎందుకు చేరి ఉండొచ్చో వాళ్ళు ఒక్కొక్క కారణమే తీసుకుని చూసుకుంటున్నారు. దాచాలనుకున్నవాళ్ళు మీ ఎదుటే నిలబడి ఆ పేరు రెండు మూడుసార్లు అనరు.

ఊపిరితిత్తి చుట్టూ ఒక వైపే నీరు చేరిందంటే మన దేశంలో ఏ వార్డులోనైనా ముందు తలుచుకునేది టీబీని. నిమోనియా వచ్చినచోటా నీరు చేరుతుంది. గుండె బలహీనపడినా చేరుతుంది, అయితే అది చాలావరకు రెండు వైపులా వస్తుంది. వయసు 61 కాబట్టి క్యాన్సర్ సంగతి కూడా చూడాల్సిందే, చూడకుండా వదిలేసిన డాక్టరునే మనం తప్పుపట్టాలి. ఇక పెద్ద డాక్టరు ఆ అమ్మాయిని అడిగిన ప్రశ్నల్లో చాలా భాగం చదువు కోసం అడిగినవే అయి ఉంటాయి. "ఇది టీబీ అయితే నీటిలో ఏం కనబడాలి? మాలిగ్నెన్సీ అయితే ఏం కనబడాలి? గుండె వల్ల కాదని ఎలా చెప్తావు?" మద్రాసు మెడికల్ కాలేజీ మొదలైన 1835 నుంచీ ఈ ఊళ్ళో డాక్టర్లు తయారవుతున్నది ఇలా మంచం పక్కన నిలబడి జవాబులు చెప్పే. ఆ చదువు మంచిదే. కానీ దాన్ని పక్కన కూర్చుని వినే మనిషికి అది చదువని ఎవరూ చెప్పరు, మీ బాధంతా అక్కడే మొదలైంది.

కేసు చెప్పడానికి ఒక వరస ఉంటుంది. అది తెలిస్తే సగం భయం పోతుంది. ముందు వయసు, ఏ బాధతో వచ్చారు, ఎన్నాళ్ళ నుంచి. మూడు వారాలుగా దగ్గు, పది రోజులుగా ఆయాసం, ఇలా ఏది ముందు వచ్చిందో అది ముందు. తర్వాత పాత జబ్బులు: షుగరు, బీపీ, ఇదివరకు టీబీ వచ్చిందా. సిగరెట్టు, మందు అలవాట్లు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. ఆ తర్వాత పరీక్ష చేసి చూసినవి, రక్తం రిపోర్టులు, ఎక్స్‌రే. చివర్న తమకున్న అనుమానాలు, ఈ రోజు చేయబోయేవి. మీకు భయం పుట్టించిన మాటలు ఆ అనుమానాల దగ్గర వచ్చాయి. అసలు మీకు కావలసింది దాని తర్వాత వచ్చే ముక్క, ఈ రోజు ఏం చేస్తారన్నది. ఒక్కో మంచానికి దొరికే కొద్ది నిమిషాల్లో అది తమిళంలోనో తెలుగులోనో మీకు చెప్పే తీరిక లేకుండానే పక్క మంచానికి జరిగిపోతారు. ఇది సరికాదని నేను ఎప్పుడూ చెబుతూనే ఉంటాను. మూడు నిమిషాలు పేషెంటు గురించి మాట్లాడినవాళ్ళు అర నిమిషం పేషెంటుతో మాట్లాడాలి.

మీ మామగారి విషయంలో జరగబోయేది ఇదీ. ఇప్పటికే చేసి ఉండకపోతే, ఆయన్ని కూర్చోబెట్టి ఎదుట బల్ల మీద దిండు వేసి దాని మీదికి వంగమంటారు. వీపు దగ్గర మత్తు ఇచ్చి సన్నటి సూదితో కొంచెం నీరు తీస్తారు. గుండె వల్ల చేరిన నీరు తేటగా ఉంటుంది, టీబీలో లేత పసుపు రంగులో వస్తుంది, ఎర్రగా వస్తే క్యాన్సర్ అనుమానం కాస్త పెరుగుతుంది, కానీ రంగు చూసి ఎవరూ తేల్చరు. అందులో ప్రొటీన్ ఎంత ఉందో రక్తంలోని ప్రొటీన్‌తో పోల్చి చూస్తారు, సగం కంటే ఎక్కువ ఉంటే గుండె వల్ల వచ్చిన నీరు కాకపోవచ్చని అర్థం. 1972లో రిచర్డ్ లైట్ అనే డాక్టరు పెట్టిన లెక్కల్లో ఇదొకటి, ఇప్పటికీ రౌండ్స్‌లో (పెద్ద డాక్టరు మంచాల వెంట తిరిగి చూసేటప్పుడు) ప్రతి విద్యార్థినీ అడిగే ప్రశ్న ఇది. ఏడీఏ అని ఇంకో పరీక్ష ఉంది, అది 40 దాటితే టీబీ వైపు మొగ్గుతారు. క్యాన్సర్ కణాలున్నాయేమోనని కొంత నీరు వేరే సీసాలో పంపుతారు, ఆ రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది. ఒకసారి తేలకపోతే రెండోసారీ పంపుతారు. రెండోసారి తీశారంటే ఏదో కనబడిందని అనుకోకండి. టీబీ అని తేలితే సాధారణంగా ఆరు నెలల మందులతో నయమవుతుంది, ప్రభుత్వం ఆ మందులు ఉచితంగా ఇస్తుంది.

రౌండ్స్‌కి మీ వల్ల జరిగే మేలు కూడా ఉంది. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఆర్ఎంపీ దగ్గర వేయించుకున్న ఇంజెక్షన్లు, కీళ్ళ నొప్పులకు మింగిన మాత్రలు, నాటు మందులు చెప్పరు, తిడతారని భయం. నొప్పి మాత్రలు రోజూ మింగితే కిడ్నీ దెబ్బతినొచ్చు, అప్పుడు కేసు దారే మారిపోతుంది. మాత్రల పట్టీలు ఒక కవర్లో వేసుకెళ్ళి సిస్టర్‌కి చూపించండి. ఇంకోటి, ఎంత నీరు తాగారు, ఎంత మూత్రం పోశారు అని ఒక చార్టు రాస్తుంటారు. మంచం పక్కనున్నవాళ్ళు శుభ్రంగా ఉండాలని మూత్రం కొలవకుండా తీసుకెళ్ళి పారబోసేస్తారు, పొద్దున చీఫ్ (పెద్ద డాక్టరు) ఆ చార్టు తిప్పితే రాత్రంతా ఖాళీ. కాళ్ళ వాపు ఉన్న పేషెంటుకు, కిడ్నీ పేషెంటుకు మందు ఎంత ఇవ్వాలన్నది ఆ అంకె చూసే నిర్ణయిస్తారు. కొలిచి, సిస్టర్‌కి చెప్పాకే పారబోయండి.

అడగడం గురించి. రౌండ్స్ నడుస్తుండగా మధ్యలో ఆపకండి, వాళ్ళు మీ మంచం వదిలేముందు ఒక్క మాట అనండి: "డాక్టర్, మీకున్న అనుమానం ఏమిటి, ఏ రిపోర్టు కోసం చూస్తున్నారు, ఎప్పుడొస్తుంది?" దీనికి విసుక్కోవలసిన పనేమీ లేదు. తీరిక లేదంటే, కేసు చెప్పిన ఆ అమ్మాయిని మధ్యాహ్నం కలవండి. మీ మామగారి సంగతి ఆ వార్డులో అందరికంటే ఎక్కువ తెలిసినది ఆ అమ్మాయికే, ఎందుకంటే రౌండ్స్‌కి ముందే వచ్చి ఆయనతో మాట్లాడి, చూసి, రాసుకున్నది తనే. మాలిగ్నెన్సీ అన్న మాట విన్నానని దాచకుండా చెప్పండి. తమిళం సరిగ్గా రాకపోతే తెలుగు తెలిసిన సిస్టర్ని అడగండి, చెన్నైలో వార్డుకొకరైనా దొరుకుతారు.

ఒక్కటి మాత్రం చేయకండి. "ఆయనకు చెప్పొద్దు డాక్టర్, మాకే చెప్పండి" అనకండి. మన ఇళ్ళల్లో ఇది ప్రేమతోనే అంటాం, నాకు తెలుసు. కానీ జబ్బు ఆయనది, ఒళ్ళు ఆయనది, సూది పడేది ఆయన వీపులో. ఎంత తెలుసుకోవాలనుందో ముందు ఆయన్నే అడగాలి. అత్తయ్యగారికి కూడా ఇవాళే చెప్పండి, ఇంకా ఏదీ తేలలేదన్న సంగతితో సహా.

ప్రశ్న: సార్, మాది చిత్తూరు దగ్గర పల్లె, చెన్నైలో హౌస్ సర్జన్‌గా చేస్తున్నాను. రౌండ్స్‌లో కేసు చెప్పాలంటే గొంతు వణుకుతుంది. అన్నీ చదువుకునే వెళ్తాను, చీఫ్ మధ్యలో ఒక ప్రశ్న వేసేసరికి మొత్తం కలగాపులగం అయిపోతుంది. పేషెంట్ల ముందే తిట్లు పడతాయి. ఎలా చెప్పాలి?

జవాబు: బాబూ, నువ్వు అన్నీ చెప్పాలని చూస్తున్నావు, చిక్కు అక్కడే ఉంది. మొదటి వాక్యంలోనే కేసు ఏమిటో తెలిసిపోవాలి: "షుగరు ఉన్న 58 ఏళ్ళాయన, కాలి పుండుతో చేరి మూడో రోజు, నిన్న రాత్రి నుంచి జ్వరం." ఇంతే. దాని తర్వాత, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది. మారనివి అడిగితే చెప్పు. నార్మల్‌గా ఉన్న పన్నెండు రిపోర్టులు వరసగా చదివితే తేడాగా ఉన్న ఒక్క క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) వాటి మధ్య మునిగిపోతుంది. నీకు భయం కలిగించింది ఏదో అది ముందు చెప్పు. తెలియని ప్రశ్నకు "తెలియదు సార్, చూసి చెబుతాను" అను. బీపీ చూడకుండా నోటికొచ్చిన అంకె చెప్పడం మాత్రం ఎన్నడూ చేయకు, ఆ అంకెను నమ్మి ఎవరో మందు రాస్తారు.

రాత్రి డ్యూటీలో పైవాళ్ళకు ఫోన్ చేసేటప్పుడు ఇంకో పద్ధతి ఉంది. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన తీరు అది, తర్వాత ఆసుపత్రులకు వచ్చింది. ఇప్పుడు ఏం జరుగుతోంది, వెనక కథ ఏమిటి, నువ్వేం అనుకుంటున్నావు, నీకేం కావాలి, ఈ నాలుగూ ఆ వరసలోనే చెప్పాలి. చివరిది చాలామంది మింగేస్తారు. "సార్, మీరు వచ్చి చూడాలి" అని నోరు తెరిచి అడగాలి, అవతలివాళ్ళు నిద్రలో ఉంటారు, వాళ్ళకై వాళ్ళు అర్థం చేసుకుంటారని వదిలేయకూడదు.

ఇంకా ముఖ్యమైనది. కేసు మొదలుపెట్టేముందు ఆ మనిషి కళ్ళలోకి చూసి, "అయ్యా, మీ గురించి మా సార్‌కి చెబుతాను, నేను తప్పు చెబితే మీరు సరిదిద్దండి" అను, తమిళంలోనో తెలుగులోనో. పేషెంట్లు నిజంగానే సరిదిద్దుతారు. జ్వరం నాలుగు రోజులని నువ్వు చెప్తుంటే, కాదు పది రోజులు అంటారు, దాంతో డయాగ్నోసిస్ మారిన సందర్భాలు నేను చూశాను. పద్నాలుగో బెడ్ లివర్ కేస్ అనకు, ఆయనకో పేరుంది. తాగుడు, హెచ్ఐవీ, గర్భం లాంటి విషయాలు మంచానికి రెండడుగులు దూరం జరిగి, గొంతు తగ్గించి చెప్పు, చీఫ్ అక్కడే చెప్పమన్నా సరే "ఇది బయట చెబుతాను సార్" అనొచ్చు, ఏ మంచి టీచరూ దానికి కోప్పడడు. పేషెంటు ముందు విద్యార్థిని తిట్టడం తప్పని నా గట్టి అభిప్రాయం. రేపు అదే పేషెంటుకు నువ్వు సెలైన్ పెట్టాలి, మందు ఇవ్వాలి. నీ మీద ఆయనకు నమ్మకం పోగొట్టి ఆయనకు చేసే మేలేముంది?

రౌండ్స్ అయ్యాక మళ్ళీ ఒకసారి నీ పేషెంట్ల దగ్గరికి వెళ్ళి, ఇందాక మాట్లాడుకున్నది వాళ్ళ భాషలో నాలుగు ముక్కల్లో చెప్పు. పైన పెరంబూరు నుంచి రాసిన ఆవిడ ఉత్తరం చదువు, ఎందుకో తెలుస్తుంది.

ప్రశ్న: ఆవడి నుంచి రాస్తున్నాను. మా అమ్మాయికి (22) కడుపునొప్పి వస్తే చేర్చాం. రౌండ్స్‌లో అందరి ముందూ నెలసరి గురించి అడిగి, స్కానింగ్‌కి ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయమన్నారు. పెళ్ళికాని పిల్ల. పక్క మంచంవాళ్ళు, మా మరిది అక్కడే ఉన్నారు. తలెత్తుకోలేకపోయాం.

జవాబు: అమ్మా, ఆ టెస్ట్ మీ అమ్మాయి మీద అనుమానంతో రాసింది కాదు. ఆ వయసు ఆడవాళ్ళెవరు కడుపునొప్పితో వచ్చినా, పెళ్ళయినా కాకపోయినా, చేస్తారు. గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిస్తే ప్రాణం మీదికి వస్తుంది, సీటీ స్కాన్ రేడియేషన్ కడుపులో బిడ్డకు మంచిది కాదు, ఈ రెండు కారణాలు చాలు. అందరి ముందూ అడగడం మాత్రం తప్పే. డాక్టర్ల వృత్తి నియమాలు 2002 నుంచి రాతపూర్వకంగా ఉన్నాయి. పేషెంటు చెప్పిన రహస్యాలు బయటపెట్టకూడదని అందులో ఉంది, కోర్టు ఆదేశం లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ అందులోనే ఉంది, డిశ్చార్జి అయ్యేటప్పుడు కావాలంటే రాసి అడగండి.

రేపు రౌండ్స్‌కి ముందే సిస్టర్‌తో చెప్పండి, ఇలాంటివి తెర వేసి గానీ పక్క గదిలో గానీ అడగమనండి. మీ మరిదిగారిని ఆ టైముకి టీకి పంపండి. 22 ఏళ్ళ పిల్ల తన సంగతి తనే చెప్పుకోగలదు, డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలనుకుంటే ఆ కాసేపు మీరు కూడా బయట నిలబడండి.