ఆ ఫోందా గురించి మళ్లీ రాయి

అమ్మాయీ, ఆశీస్సులు.

మెక్సికో సిటీలో మీ వీధి చివరి ఫోందా, అంటే ఇంటి వంట వడ్డించే ఆ చిన్న భోజనశాల మీద నువ్వు రాసిన వ్యాసం ఆసాంతం చదివాను. నీకు చూసే కన్ను ఉంది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవు. చూసినదాన్ని రాయవలసిన చోట నువ్వు మెచ్చుకుని ఊరుకున్నావు. నోరూరించే, అమోఘమైన, అద్భుతమైన లాంటి మాటలన్నీ కొట్టేయి. వండేవాళ్ల పనిని రాస్తే రుచి పాఠకుడికే తెలుస్తుంది.

చిలకీలెస్ సంగతే తీసుకో. వేయించిన మొక్కజొన్న రొట్టె ముక్కల మీద పచ్చడి అని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాలి. అవి నిన్నటి తోర్తియా ముక్కలు. తాజా తోర్తియాలో తడి ఎక్కువ, నూనె పీల్చి మెత్తబడిపోతుంది. ఒక రాత్రి ఆరినదైతే కరకరలాడేలా వేగి, సల్సాలో పడ్డాక కూడా కాసేపు నిలుస్తుంది. మిగిలినదాన్ని పారేయని ఇల్లాలి పొదుపు ఆ వంటలో ఉంది. ఇక సల్సా. పైపొర ఒలిచిన, టమాటాల్లా కనిపించే ఆకుపచ్చ తొమాతియోలు, సెర్రానో మిరపకాయలు, ఉల్లి, వెల్లుల్లి ఉడికించి, కొత్తిమీరతో కలిపి రుబ్బి, వేడి నూనెలో పోస్తే చుయ్యిమంటుంది. ముక్కలు అందులో పడ్డాక ఇక ఆగడానికి లేదు, ఆలస్యమైతే ముద్దవుతుంది. ఎడమ చేత్తో పెనం కుదుపుతూనే అక్కడ వండే ఆవిడ కుడిచేత్తో చీజ్ చిదిమి చల్లుతుందని నువ్వే నాకు ఫోనులో చెప్పావు. అది వ్యాసంలో ఎందుకు లేదు?

ప్రతి వంటకానికీ మన టిఫిన్లలో ఒక చుట్టాన్ని వెతికావు. పాఠకుడికి దారి చూపాలన్న నీ ఆరాటం నాకు అర్థమైంది. కానీ ఇడ్లీ అనగానే అతను తన ఇంట్లోనే కూర్చుండిపోతాడు, మొక్కజొన్న పొత్తి రేకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన తమాల్ దగ్గరికి రాడు. నిజంగా ముడి ఉన్నచోట మాత్రం మన ఊసు ఎత్తు. పోర్చుగీసు ఓడల్లో మిరపకాయ మనకు చేరిన కథ అందరూ రాస్తారు. సున్నం కథ తక్కువమంది రాశారు. అక్కడ మొక్కజొన్నను సున్నపునీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగి రుబ్బుతారు. అలా చేస్తేనే గింజలోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. మొక్కజొన్న ఐరోపాకు వెళ్లింది గాని ఈ పద్ధతి వెంట వెళ్లలేదు. దానిమీదే బతికిన ఉత్తర ఇటలీ పేదలు చర్మం పగిలి, మతి చలించే పెల్లాగ్రా జబ్బు పాలయ్యారు. జొన్నలే ఆధారమైన మన దక్కను పల్లెల్లోనూ ఆ జబ్బు కనిపించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ దానిమీద పరిశోధనలు చేసింది. ఇది నీ వ్యాసానికి తగిన పేరా. అయితే పుస్తకంలోంచి ఎత్తి తెచ్చినట్టు ఉండకూడదు. ముందు మీ పేటలోని తోర్తియా దుకాణానికి వెళ్లి నిలబడు. యంత్రం నుంచి పొగలు కక్కుతూ వచ్చే తోర్తియాలను కిలోల లెక్కన కాగితంలో చుట్టి ఇవ్వడం చూసి, అక్కడి నుంచి సున్నం దగ్గరికి నడిపించు.

2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటను వారసత్వ జాబితాలో చేర్చిన విషయంతో మొదలుపెట్టావు. అది పెద్ద గౌరవమే, కాదనను. దాన్ని వెనక్కి జరుపు. ముందు మనుషులు రావాలి. మట్టికుండలో బెల్లం, దాల్చినచెక్క వేసి కాచిన కాఫీ గురించి నాలుగు వాక్యాలు రాశావు గాని, దాన్ని ఎవరు తాగుతున్నారో ఒక్క ముక్క లేదు. రాత్రి కాపలా ముగించుకుని వచ్చినవాళ్లెవరు? బడికి వేళవుతోందని పిల్లవాడిని తొందరపెట్టేదెవరు? తిని లేచి వెళ్లేవాళ్లు పక్క బల్ల దగ్గర ఉన్న కొత్తవాళ్లకు కూడా ‘ప్రొవేచో’ (హాయిగా తినండి) అని చెప్పి కదలడం అక్కడి మర్యాద. నీ వ్యాసంలో మాత్రం నువ్వొక్కదానివే తింటున్నావు.

ఆదివారం కూడా ఒకసారి వెళ్లు. పనిదినాల హడావిడి వేరు, కుటుంబాలు తీరిగ్గా కూర్చునే రోజు వేరు. వంట చేసే ఆవిడ పేరు అడిగి, ఆమె సరేనంటేనే రాయి. ఆమె కష్టాన్ని చూసి జాలి ఒలకబోయకు. తన పని తనకు బాగా వచ్చిన మనిషిగా ఆమెను నిలబెట్టు. ధరలు పెసోల్లోనే ఉంచు, రూపాయల్లోకి మార్చకు. తిరగరాసిన ప్రతిని దసరాలోపు పంపించు, ముందు చిలకీలెస్ పేరానే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు