ముందు కాలేజీకి ఈమెయిల్, ఆ తర్వాతే క్రెడిట్ కార్డు

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి పన్నెండో గ్రేడ్. వచ్చే ఏడాది కంప్యూటర్ సైన్స్‌లో చేరుతుంది. ఈలోపే ఆన్‌లైన్‌లో కొన్ని కాలేజీ క్రెడిట్లు (డిగ్రీకి కూడబెట్టాల్సిన కోర్సు పాయింట్లు) సంపాదిస్తే ఖర్చు తగ్గుతుందంటున్నారు. గ్రేడు సరిగ్గా రాకపోతే కట్టిన డబ్బు గోవిందా అని మా ఆవిడ భయం. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆవిడ భయం న్యాయమే. అయితే డబ్బు చివర్లో కట్టే దారులు ఇప్పుడున్నాయి. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల యూనివర్సల్ లెర్నర్ కోర్సులు చూడండి. చేరేటప్పుడు 25 డాలర్లు. కోర్సు అయ్యాక గ్రేడు చూసుకుని, నచ్చితేనే 400 డాలర్లు కట్టి క్రెడిట్ తీసుకోవచ్చు. నచ్చకపోతే పోయేది ఆ పాతికే.

ఇంకా చవకైనవి కాలేజ్ బోర్డు అనే సంస్థ పెట్టే క్లెప్ పరీక్షలు. కాలేజీ కోర్సులో చేరకుండానే పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకోవచ్చు. ఫీజు వంద డాలర్లకు అటూఇటూగా ఉంటుంది. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ పాఠాలు ఉచితంగా చెప్పి, కోర్సు పూర్తి చేసినవాళ్లకు పరీక్ష ఫీజు వోచర్ కూడా ఇస్తోంది. 80కి 50 వస్తే చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి. పరీక్ష తప్పితే మూడు నెలలు ఆగి మళ్లీ రాయాలి, అంతే.

అసలు మెలిక వేరే ఉంది. చాలా యూనివర్సిటీల్లో ఫుల్‌టైమ్ ట్యూషన్ గంపగుత్త. సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు తీసుకున్నా 15 తీసుకున్నా బిల్లు ఒకటే. అలాంటి చోట ఒక కోర్సు తగ్గినంత మాత్రాన మీకు ఒక్క డాలరూ మిగలదు. పదిహేను క్రెడిట్ల దాకా పోగేసి, ఒక సెమిస్టర్ ముందే డిగ్రీ ముగిస్తేనే ట్యూషనూ, డార్మ్ ఖర్చూ మిగులుతాయి. స్కాలర్‌షిప్ వస్తే దాని షరతులూ చదవండి, సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు ఉండాలని చాలావాటిలో రాసి ఉంటుంది.

"క్రెడిట్ ఒప్పుకుంటాం" అని కాలేజీ అనగానే సంబరపడకండి. డిగ్రీకి తప్పనిసరైన కోర్సు కింద లెక్కేస్తారా, ఊరికే ఎలెక్టివ్‌లో, అంటే ఇష్టమొచ్చినది ఎంచుకునే కోర్సుల్లో పడేస్తారా అన్నది అడగాలి. ఎలెక్టివ్‌ల కోటా నిండిపోయాక వచ్చే మూడు క్రెడిట్లు కాగితం మీద అందంగా ఉంటాయి, అంతకుమించి ఏమీ లేదు. ఈమెయిల్‌లోనే అడిగి, జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు.

అమ్మాయికి ఏపీ స్కోర్లు ఉన్నాయా? (మన ఏపీ కాదు లెండి, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ క్రెడిట్ తెచ్చే హైస్కూలు పరీక్షలు.) ఒకే కోర్సుకు రెండుసార్లు క్రెడిట్ ఇవ్వరు. కాబట్టి ఆ స్కోర్ల కాగితం, కాలేజీ డిగ్రీ ప్లాన్ పక్కపక్కన పెట్టుకుని ఏ గడి ఖాళీగా ఉందో చూడండి. హిస్టరీయో, సైకాలజీయో మిగిలితే ఈ వేసవిలో ఆ ఒక్క క్లెప్ రాయించండి.