శిబిరంలో 158, ఇంట్లో 138: ఏది నా బీపీ?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 52 ఏళ్లు. మేము చెన్నైలోని పెరంబూరులో ఉంటున్నాము. పోయిన ఆదివారం ఉదయం పార్కులో నడక ముగించుకుని, కాఫీ తాగి వస్తుండగా గేటు దగ్గర ఉచిత రక్తపోటు శిబిరం కనిపిస్తే చూపించుకున్నాను. 158/96 ఉందని, వెంటనే తమ ఆసుపత్రికి రమ్మని చెప్పారు. ఇంటికి వచ్చి మా అబ్బాయి కొన్న యంత్రంతో చూసుకుంటే 138/86 వచ్చింది. నాకు తలనొప్పి గానీ, కళ్లు తిరగడం గానీ లేవు. రోగులను పోగుచేసుకోవడానికే ఇలాంటి శిబిరాలు పెడతారని మా ఆవిడ అంటోంది. ఏ అంకెను నమ్మాలి?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: రెండు అంకెలూ మీవే, కానీ ఏ ఒక్కదానితోనూ మీకు రక్తపోటు జబ్బు ఉందని గానీ, లేదని గానీ తేల్చలేము. నడిచి వచ్చిన వెంటనే, కాఫీ తాగిన అరగంటలోపు, చుట్టూ నలుగురు మాట్లాడుకుంటుండగా కొలిస్తే ఎవరికైనా పై అంకె కొంత పెరుగుతుంది. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, వీపును కుర్చీకి ఆనించి, కాళ్లు ఒకదానిపై ఒకటి వేసుకోకుండా నేలకు ఆనించి, చేయిని గుండె ఎత్తులో బల్లపై ఉంచి, మాట్లాడకుండా ఉన్నప్పుడు తీసిన కొలతనే వైద్యులు లెక్కలోకి తీసుకుంటారు. చేయి లావుగా ఉన్నవారికి చిన్న పట్టీ చుట్టినా అంకె ఎక్కువగానే చూపిస్తుంది. ఆదివారం ఉదయం వరుసలో యాభై మంది నిలబడి ఉన్న శిబిరంలో ఇవన్నీ కుదరడం కష్టమని, అలాంటి శిబిరాలలో కూర్చున్నవాడిగా నేను ఒప్పుకుంటాను.

అయితే ఇంటి అంకె చూసి మీరు ఊరట చెందినట్లు ఉత్తరంలో కనిపిస్తోంది. నన్ను ఆలోచింపజేసింది ఆ అంకే. వైద్యుని దగ్గర 140/90 హద్దు అయితే, మనిషి నెమ్మదిగా ఉండే ఇంట్లో ఆ హద్దు 135/85. మీ 138/86 దానిని కొద్దిగా దాటింది. ఇక తలనొప్పి లేదన్న మాటకు వస్తే, పెరిగిన రక్తపోటు చాలామందిలో ఏళ్ల తరబడి ఏ సూచనా ఇవ్వకుండానే గుండెను, మూత్రపిండాలను, మెదడులోని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. 30 నుంచి 79 ఏళ్ల మధ్య ప్రపంచంలో సుమారు 128 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉందని, వారిలో 46 శాతం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంచనా వేసింది. బాధ లేనివారిని వెతికి పట్టుకోవడానికే శిబిరం కావాలి. బాధ ఉన్నవారు ఎలాగూ ఆసుపత్రికి వస్తారు.

మీ శ్రీమతి అనుమానంలో కొంత న్యాయం ఉంది. అంకెను చీటీ మీద రాసివ్వకుండా, రెండోసారి కొలవకుండా, తమ ఆసుపత్రికే రమ్మనే శిబిరం సగం పనే చేసినట్టు. కనుక్కోవడం ఒక ఎత్తు, ఆ తర్వాత నెలనెలా మందు అందించి అంకెను అదుపులో ఉంచడం మరొక ఎత్తు. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన ‘మక్కళై తేడి మరుత్తువమ్’ పథకంలో కార్యకర్తలు ఇంటికే వచ్చి బీపీ చూసి, మందులు వాడుతున్నవారికి మాత్రలు కూడా అందించడం నాకు నచ్చడానికి కారణం అదే.

మీరు చేయవలసింది ఇది. మీ అబ్బాయి కొన్నది మణికట్టుకు కట్టేదైతే దానిని పక్కన పెట్టి, మోచేతి పైభాగానికి కట్టే యంత్రం వాడండి. ఏడు రోజులు ఉదయం కాఫీకి ముందు, రాత్రి భోజనానికి ముందు, నిమిషం తేడాతో రెండేసి సార్లు చూసి కాగితంపై రాసుకోండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగిలినవాటి సగటు కట్టి, ఆ కాగితంతో మీ పేటలోని కార్పొరేషన్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. అక్కడ పరీక్షకు రుసుము ఉండదు. అందాకా మాత్రలు సొంతంగా మొదలుపెట్టవద్దు. ఊరగాయ, అప్పడం మాత్రం ఈరోజే తగ్గించవచ్చు, రోజంతటికీ ఉప్పు అయిదు గ్రాములు మించకూడదు. ఎప్పుడైనా 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం లేదా మాట తడబడటం కనిపిస్తే వారం లెక్క మానేసి 108కి ఫోన్ చేయండి.

మీ శ్రీమతి వయసు మీరు రాయలేదు. 30 దాటినవారందరికీ ఈ పరీక్ష చేయాలన్నది మన దేశంలో ప్రభుత్వ కార్యక్రమం పెట్టుకున్న నియమం. ఆ ఏడు రోజులలో ఆవిడ చేతికి కూడా పట్టీ చుట్టి, అదే కాగితంపై పక్కన మరో గడి గీసి రాయండి.