మోటర్‌హోం నేల మెత్తగా తగిలితే ముందు నీళ్ళెక్కడివో చూడండి

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కి ఈమధ్యే వెళ్ళిన కూకట్‌పల్లి జంట అడిగిన సందేహం ఇది. పిల్లలతో శని, ఆదివారాలు వేల్స్, స్కాట్లండ్ తిరగొచ్చని 2008 మోడల్ మోటర్‌హోం (లోపలే వంట, పడక, టాయిలెట్ ఉండే బండి) ఒకటి కొందామని చూశారు. ధర అందుబాటులో ఉంది, ఇంజన్ బాగుంది, ఎంఓటీ (బండి రోడ్డుకి పనికొస్తుందన్న పరీక్ష సర్టిఫికెట్) ఉంది. కానీ తలుపు దగ్గరా సింక్ ముందూ అడుగేస్తే నేల కొంచెం దిగి మళ్ళీ లేస్తోంది. అమ్మేవాడేమో పాత బళ్ళలో ఇది మామూలే అన్నాడు. హైదరాబాద్‌లో ఉన్న మామగారు వీడియో కాల్‌లో చూసి, "దానికేముంది బాబూ, పైన ఒక 12 ఎంఎం ప్లై కొట్టించి వినైల్ పరిచేయండి, అయిపోతుంది" అన్నారట. ఎవరి మాట వినమంటారు అని అడుగుతున్నారు.

ఇద్దరి మాటా వద్దు. అమ్మేవాడు చెప్పింది సగం నిజం. మామగారు చెప్పింది హైదరాబాద్ లెక్క, అది బ్రిటన్‌లో పనిచేయదు.

నేను ఇంగ్లండ్‌లో స్థిరపడి చాలా ఏళ్ళయింది, ప్రస్తుతం సెలవుకి మల్కాజిగిరి వచ్చి ఉన్నాను కాబట్టి రెండు లెక్కలూ కళ్ళెదుటే ఉన్నాయి. ఇక్కడ సింక్ కింద ప్లై ఉబ్బిందనుకోండి, కార్పెంటర్‌ని పిలుస్తాం, రాణిగంజ్ వెళ్ళి 710 మెరైన్ ప్లై తెస్తాం, పాతది పీకి కొత్తది కొట్టేస్తాడు. వానాకాలంలో గోడకి దిగిన చెమ్మ ఏప్రిల్, మే ఎండలకి దానంతటదే ఆరిపోతుంది, ఆ తర్వాత పెయింట్ వేస్తాం. బ్రిటన్‌లో ఆరబెట్టే ఎండాకాలం అనేది లేదు. అక్టోబర్‌లో తడిసిన చెక్క మార్చిదాకా తడిగానే ఉంటుంది. పైగా మోటర్‌హోం నేల రెండు వైపులా మూసేసిన నేల, లోపలికి పోయిన నీళ్ళకి బయటికి దారి ఉండదు.

ఆ నేల ఎలా కడతారో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. పైన పలచటి ప్లై, కింద పలచటి ప్లై, మధ్యలో పాలిస్టైరీన్ ఫోమ్, అక్కడక్కడా చెక్క బద్దలు, అన్నీ జిగురుతో అతికించి ఉంటాయి, మొత్తం మందం సుమారు నాలుగైదు సెంటీమీటర్లు. శాండ్‌విచ్ ఫ్లోర్ అంటారు. బరువు తక్కువ, చలి ఆపుతుంది, కానీ బలమంతా ఆ జిగురులోనే ఉంది. అందరూ తొక్కే చోట, అంటే తలుపు దగ్గర, సింక్ ముందు, మంచం పక్కన, కొన్నేళ్ళకి ప్లైకీ ఫోమ్‌కీ మధ్య జిగురు విడిపోతుంది. దాన్నే డీలామినేషన్ అంటారు. నడిస్తే మెత్తగా ఉంటుంది, కిర్రుమంటుంది, కానీ ప్లై పొడిగానే ఉంటుంది, వాసన రాదు. అమ్మేవాడు మామూలే అన్నది ఇదే అయితే నిజమే, పెద్ద ప్రమాదం కాదు, బాగుచేసుకోవచ్చు.

రెండోది కుళ్ళు. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే కొన్నాళ్ళు ఉంటే ఫంగస్ పట్టుకుంటుంది, ప్లై పొరలు పొరలుగా ఊడుతుంది, బద్దలు పిండిపిండి అవుతాయి. పైనుంచి తొక్కినప్పుడు రెండూ దాదాపు ఒకేలా తగులుతాయి, కొత్తవాళ్ళు మోసపోయేది అక్కడే. తొక్కి చూసి ఏదీ తేల్చకండి.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఒక టార్చ్, చెక్కలో చెమ్మ ఎంత శాతమో చూపించే డ్యాంప్ మీటర్ ఒకటి పట్టుకెళ్ళండి, మీటర్ పెద్ద ఖరీదు కాదు. ముందు రోజు వాన పడి ఉంటే ఇంకా మంచిది, అక్కడ అందుకోసం ఎక్కువ ఎదురుచూడనక్కర్లేదు. షూ విప్పేసి మడమతో నొక్కుతూ నేలంతా నడవండి. తర్వాత సీట్ల కింద లాకర్లు తెరిచి, గోడ నేలతో కలిసే మూలల్లో బొటనవేలితో గట్టిగా నొక్కండి. వీల్ ఆర్చ్ (చక్రం పైన వంపు) చుట్టూ, వెనక రెండు మూలలు, షవర్ ట్రే అంచు, టాయిలెట్ క్యాసెట్ (తీసి ఖాళీ చేసే ట్యాంక్) పెట్టే గది, ఇవి ముఖ్యం. కొత్త వినైలో కార్పెటో పరిచి ఉంటే ఎందుకు పరిచారని అడగండి. మీరు వెళ్ళేసరికి హీటర్ వేసి, కిటికీలన్నీ తెరిచి, రూం ఫ్రెష్‌నర్ కొట్టి ఉంటే నాకైతే అనుమానమే, పొద్దుటి నుంచి మూసి ఉన్న బండిలో తలుపు తీయగానే వచ్చే వాసన చాలా సంగతులు చెబుతుంది. చివరగా బండి కిందికి దూరి చూడండి. నల్లటి అండర్‌సీల్ పూత ఊడి ప్లై కనబడుతుంటే అమ్మేవాడిని అడిగి స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కండి. మంచి ప్లై అయితే దిగదు.

మీటర్ 15 శాతం లోపు చూపిస్తే నిశ్చింత. 15 నుంచి 20 మధ్య అయితే ఒక కన్నేసి ఉంచాలి. 20 దాటితే నీళ్ళు వస్తున్నట్టే లెక్క, 30 దాటితే లోపల చెక్క పాడై ఉండే అవకాశం ఎక్కువ. ఒక్క చోట ఒక్క అంకె చూసి భయపడొద్దు. లోపల స్క్రూనో అల్యూమినియం పట్టీనో ఉన్నా మీటర్ ఎక్కువ చూపిస్తుంది. అదే ఎత్తులో నాలుగైదు చోట్ల పెట్టి, అంకె ఏ వైపు పెరుగుతూ పోతోందో చూడండి, నీళ్ళు వచ్చే దిక్కు అదే. ఎంఓటీ ఉందిగా అనుకోకండి, అది బండి రోడ్డు మీద నడవడానికి పనికొస్తుందా అని చూసే పరీక్ష, ఇంటి భాగంలో చెమ్మ వాళ్ళ పని కాదు. చెమ్మ చూసేది హాబిటేషన్ చెక్‌లో, అంటే ఇంటి భాగానికి విడిగా చేసే పరీక్షలో. ఏటా చేయించిన రిపోర్టులు ఉంటే అడిగి తీసుకుని, ప్రతి సంవత్సరం అంకెలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. అవేవీ లేకపోతే కొనేముందు మీ ఖర్చుతో ఒక చెక్ చేయించుకోండి. మొబైల్ ఇంజనీర్లు అమ్మేవాడి ఇంటికే వచ్చి చేస్తారు. దానికి ఒప్పుకోని వాడి దగ్గర కొనకండి.

ఇప్పుడు అసలు సంగతి. నేల కుళ్ళితే తప్పు నేలది కాదు, చాలాసార్లు నీళ్ళు పైనుంచే వస్తాయి. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ట్యాంక్ దగ్గర పగులుంటే హాల్లో ఫ్యాన్ హుక్ దగ్గర చుక్క పడినట్టే, మోటర్‌హోంలో కూడా లీకు పుట్టేది ఒకచోట, కనబడేది ఇంకోచోట. స్కైలైట్ల చుట్టూ, మూలల్లో అల్యూమినియం పట్టీల కింద, అవ్నింగ్ (బండి పక్కన వేసే పందిరి) తగిలించే రైల్ వెనక, కిటికీ రబ్బర్ల కింద నీళ్ళు దిగకుండా అతుకులు మూసే మాస్టిక్ ఉంటుంది. అది ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి పగులుతుంది. వాన నీళ్ళు గోడ లోపలి చెక్క ఫ్రేం పట్టుకుని కిందికి దిగి నేల అంచులో ఆగుతాయి. మీకు కనబడేసరికి గోడ కూడా పాడై ఉండొచ్చు. ఇంకో దారి కిందినుంచి, చక్రాలు చిమ్మే నీళ్ళు వీల్ ఆర్చ్ అతుకుల్లోంచి, మెట్టు బిగించిన బోల్టుల రంధ్రాల్లోంచి ఎక్కుతాయి. మూడోది లోపలి పైపులు, పంపు జాయింట్ దగ్గర సన్నటి చుక్క, షవర్ ట్రేలో వెంట్రుకంత పగులు. ఇది కనిపెట్టడం తేలికే, ట్యాంక్ నింపి పంపు ఆన్ చేసి కుళాయిలన్నీ కట్టేయండి, ఎవరూ నీళ్ళు వాడకుండానే పంపు అప్పుడప్పుడూ తిరుగుతుంటే ఎక్కడో కారుతోంది.

ఆ దారి మూసేదాకా నేల జోలికి పోవద్దు. మామగారి ప్లై సంగతి అందుకే వద్దన్నాను, తడిని పైనుంచి మూసేస్తే కింద కుళ్ళు ఇంకా హాయిగా పెరుగుతుంది. బరువు సంగతి కూడా ఉంది, 12 ఎంఎం ప్లై చదరపు మీటరుకి ఏడెనిమిది కిలోలు తూగుతుంది, నేలంతా పరిస్తే ఒక మనిషి ఎక్కినట్టే, చాలా మోటర్‌హోంలకి మొత్తం బరువు పరిమితి 3,500 కిలోలు, అందులో సామానుకి మిగిలేదే కొంచెం. ఇంకా ముఖ్యమైనది, నేలలో గ్యాస్ పోయే చిన్న రంధ్రాలుంటాయి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే కిందికి దిగి అక్కడినుంచి బయటికి పోవాలి. ప్లైతోనో వినైల్‌తోనో వాటిని మూశారంటే ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టే. చలిగాలి వస్తోందని గుడ్డలు కుక్కేవాళ్ళు కూడా ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి.

రిపేరు సంగతి. జిగురు మాత్రమే విడిపోయి ఉంటే, వినైల్ తీసి పై ప్లైకి మాత్రమే వరుసగా రంధ్రాలు వేసి, సిరంజితో పలచటి ఎపాక్సీ జిగురు ఎక్కించి, చెక్క డవల్స్ (సన్నటి గుండ్రటి పుల్లలు) దిగ్గొట్టి, పాలిథీన్ పరిచి పైన బరువులు పెట్టి ఒక రోజు వదిలేస్తారు. కిట్లు దొరుకుతాయి, ఓపిక ఉన్నవాళ్ళు సొంతంగా చేసుకుంటారు. ఎపాక్సీ బదులు పాలిస్టర్ రెజిన్ పోయకండి, దానిలోని స్టైరీన్ ఆ ఫోమ్‌ని కరిగించేస్తుంది. బాగా చలిగా ఉన్నప్పుడు ఎపాక్సీ సరిగా గట్టిపడదు, జనవరిలో మొదలుపెట్టకండి. కుళ్ళు అయితే గట్టి చెక్క తగిలేదాకా కోసి తీయాలి, కొన్ని వారాలు ఆరబెట్టాలి, కొత్త బద్దలు, కొత్త ప్లై అతికించి అంచులన్నీ ఎపాక్సీతో మూయాలి. ఆరబెట్టడానికి డీహ్యుమిడిఫయర్ (గాలిలో తేమ లాగే యంత్రం) కొంటే డెసికెంట్ రకం కొనండి, కంప్రెసర్ రకం చలిలో సరిగా పనిచేయదు. అక్కడ కూలీ గంటల లెక్కన, మనకిక్కడ కార్పెంటర్‌కి ఇచ్చే రోజు కూలీ గుర్తు తెచ్చుకుని బాధపడకండి, గోడ దాకా వెళ్ళిన కుళ్ళు అయితే బిల్లు వేల పౌండ్లలో ఉంటుంది. ఇక పైకప్పు మీద సీలింగ్‌కి సిలికాన్ మాత్రం వాడొద్దు, ఒకసారి సిలికాన్ పూసిన చోట తర్వాత ఇంకేదీ అంటుకోదు. బ్యూటైల్ మాస్టిక్ గానీ కారవాన్లకని అమ్మే పాలీయురేథేన్ సీలెంట్ గానీ వాడండి.

ఆ జంటకి నా సలహా ఇది. మీటర్ పొడి అంటే, మెత్తదనం నడిచే దారిలోనే ఉంటే, రిపేరు ఖర్చు ధరలోంచి తగ్గించమని బేరమాడి కొనుక్కోండి. అంచుల్లో, మూలల్లో 20 దాటితే వదిలేయండి. సీటు బెల్టులు బిగించిన చోటుకి దగ్గర్లో కుళ్ళు కనబడితే ఉచితంగా ఇచ్చినా వద్దు, పిల్లలు కూర్చునేది అక్కడ. ప్రైవేటుగా అమ్మేవాడి దగ్గర కొంటే తర్వాత అడిగే హక్కులు చాలా తక్కువ. డీలర్ దగ్గరైతే కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ 2015 ఉంది, పెద్ద లోపం బయటపడితే 30 రోజుల్లో తిప్పి ఇచ్చేసి డబ్బు అడగొచ్చు, ఆరు నెలల లోపు బయటపడిన లోపం కొన్నప్పుడే ఉన్నట్టు పరిగణిస్తారు. ధర కొంచెం ఎక్కువైనా మొదటి బండి డీలర్ దగ్గర కొనమంటాను.

అద్దె కలిసొస్తుందని బ్రిటన్‌లో మోటర్‌హోంలోనే ఉండి చదువుకోవచ్చా అని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తమ్ముడు అడిగాడు. వద్దు తమ్ముడూ. మామూలు ఇన్సూరెన్స్ పాలసీలు పూర్తి కాలం కాపురానికి రాసినవి కావు, బ్యాంకుకీ లైసెన్సుకీ అడ్రస్ కావాలి, పైగా చలికాలమంతా లోపలే వండి, లోపలే బట్టలారేస్తే మంచి బండి కూడా చెమ్మెక్కుతుంది.

వంట సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను, ఇది మనవాళ్ళకి ప్రత్యేకం. కిలో ప్రొపేన్ మండితే సుమారు కిలోన్నర పైనే నీటి ఆవిరి పుడుతుంది, దానికి తోడు అన్నం, పప్పు, కుక్కర్ విజిళ్ళ ఆవిరి, నలుగురి ఊపిరి. అదంతా చల్లటి గోడల మీద, మంచం కింద, లాకర్ల వెనక నీళ్ళయి దిగుతుంది. ఎక్కడా లీకు లేకుండానే మూలల్లో బూజు పట్టే బళ్ళు ఇలాంటివే. వండేటప్పుడు స్కైలైట్ తెరవండి, మూతలు పెట్టి వండండి, పొద్దున కిటికీల మీది తడిని గుడ్డతో తుడిచి ఆ గుడ్డ బయట ఆరేయండి. పప్పూ అన్నం ఇంటి దగ్గరే వండి పట్టుకెళ్ళేవాళ్ళున్నారు, మొదటి రోజుకి అదే మేలు.

డిసెంబర్‌లో సెలవు పెట్టి సంక్రాంతి దాకా హైదరాబాద్‌లో ఉండిపోయేవాళ్ళకి ఒక మాట. బండిలో చుక్క నీళ్ళు వదలకండి. ట్యాంకులు, బాయిలర్ ఖాళీ చేసి, కుళాయిలన్నీ తెరిచి పెట్టి, షవర్ గొట్టం కింద పెట్టండి. కొన్ని హీటర్లలో ఉష్ణోగ్రత 3 డిగ్రీల దగ్గరికి పడితే నీళ్ళని దానంతటదే వదిలేసే వాల్వ్ ఉంటుంది, కానీ అది బాయిలర్‌ని కాపాడుతుంది, పైపుల్లో మిగిలిన నీళ్ళు గడ్డకట్టి జాయింట్ పగిలితే మీరు తిరిగొచ్చి ట్యాంక్ నింపిన రోజున నేల కిందికి కారతాయి. పరుపులు, సీట్లు గోడకి ఆనకుండా నిలబెట్టండి, అల్మారా తలుపులు, లాకర్లు తెరిచి ఉంచండి. వీలైతే బండి ఒకవైపుకి కొంచెం వాలుగా ఉండేలా ఆపండి, పైకప్పు మీద నీళ్ళు నిలవవు. నీలం టార్పాలిన్ కట్టొద్దు, లోపలి తేమని పట్టి ఉంచేస్తుంది, కప్పాలనుకుంటే గాలాడే కవర్ కొనండి. తాళం చెవి ఒకటి అక్కడి స్నేహితుడికి ఇచ్చి, ఒకసారి వచ్చి తలుపులు కాసేపు తెరిచి, మూలల్లో మీటర్ పెట్టి అంకెలు వాట్సాప్‌లో పంపమనండి.