కరెంటు లైను లేకుండా ఇల్లు నడపాలంటే లెక్క ముసురు రోజుల నుంచి మొదలుపెట్టండి

గుణుపూర్ దగ్గర తోటలో కడుతున్న ఇంటికి కరెంటు కనెక్షనే తీసుకోకుండా సోలార్ మీద నడుపుకోవచ్చా, ఎన్ని కిలోవాట్ల ప్యానెళ్లు కావాలి అని మీరు అడిగారు. మాది కూడా ఒడిశాలోనే, పర్లాకిమిడి శివారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మా వీధి స్తంభాలు ఒరిగిపోయి, రోజుల తరబడి చీకట్లో ఉండి, పైట్యాంకు ఖాళీ అయ్యాక మా అమ్మ ఆ వయసులో బావిలో చేద వేయవలసి వచ్చింది. లైను మీద ఆధారపడకుండా ఇల్లు నడపాలన్న నా ప్రయత్నం ఆనాడు మొదలైంది. మీరు అనుకున్నది సాధ్యమే, కాని ప్యానెళ్ల సంఖ్యతో మొదలుపెట్టకండి.

నేను మొదట బ్యాటరీ లేకుండా, లైనుకు కలిపే సోలార్ పెట్టించాను. పైన ఎండ కాస్తూ ఉండగానే కరెంటు పోయిన రోజున ఇల్లు కూడా ఆగిపోయింది. స్తంభం మీద పనిచేసే మనిషికి మన ఇంటి నుంచి వెనక్కు వెళ్లే కరెంటు తగలకుండా, సరఫరా ఆగగానే ఆ రకం ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. అలా ఆగడం అవసరమే, అయితే అమ్మినవారు ఆ సంగతి నాకు ముందుగా చెప్పి ఉండవలసింది. ఇంటి కప్పు సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టినా మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది గాని, అది లైనుకు కలిపిన ఇళ్లకే వర్తిస్తుంది. కనెక్షన్ వద్దనుకునే ముందు ఈ సొమ్మును కూడా లెక్కలో వేసుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మంచి ఎండలో కిలోవాటు ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి, అమ్మేవారు చూపించే లెక్క కూడా ఇదే. కాని మహేంద్రగిరి కొండ వైపు మబ్బు కమ్మి, శ్రావణ భాద్రపదాల్లో వరుసగా ముసురు పట్టినప్పుడు అదే కిలోవాటు నుంచి ఒక్క యూనిట్టు మాత్రమే వచ్చిన రోజులు నేను చూశాను. మా ఇంటి వాడకం రోజుకు 3 యూనిట్లు కాబట్టి ఎండాకాలపు లెక్క ప్రకారం ఒక్క కిలోవాటు చాలాలి, ముసురు లెక్క ప్రకారం మూడు కావాలి. నేను మూడే పెట్టించాను. వేసవిలో మిగిలే కరెంటుతో మధ్యాహ్నం పూట మోటారు, గ్రైండరు నడుపుకుంటున్నాము.

ఆ 3 యూనిట్లకు దిగడానికే నాకు ఏడాది పట్టింది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ అనే తక్కువ కరెంటు తీసుకునే కొత్త రకం మోటారున్న ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు పది గంటలు తిరిగే ఇంట్లో ఈ మార్పు ఒక్కటే 1.8 యూనిట్లు మిగులుస్తుంది. ఫ్యాన్ల మీద పెట్టిన డబ్బు ప్యానెళ్లు, బ్యాటరీ రెండింటి ఖర్చునూ తగ్గిస్తుంది గనుక ముందు అక్కడ పెట్టండి.

బ్యాటరీ విషయంలో నేను బాగా నష్టపోయాను. 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీలో 1.8 యూనిట్లు పడతాయి గాని, అది పదికాలాల పాటు ఉండాలంటే సగానికి మించి వాడకూడదు. నేను ప్రతి రాత్రీ అడుగంటా వాడడంతో రెండున్నరేళ్లకే ఆ రకం బ్యాటరీలు చచ్చిపోయాయి. ఇప్పుడున్నది 5 యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. ఖరీదు ఎక్కువే అయినా అందులో 80 నుంచి 90 శాతం వరకు నిశ్చింతగా వాడుకోవచ్చు. మోటారును మాత్రం రాత్రి దాని మీద వేయకండి. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు తీసుకునేది 750 వాట్లకు కొంచెం పైనే అయినా, స్టార్టయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగి ఇన్వర్టర్‌ను పడగొడుతుంది. పగలే పెద్ద ట్యాంకు నింపి పెట్టుకోండి.

వంటను సోలార్ మీదికి తేవద్దని నా సలహా. తోటలో నాలుగైదు పశువులు ఉంటే 2 ఘనమీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టించండి. రోజుకు 50 కిలోల పేడను అంతే నీటితో కలిపి పోస్తే నలుగురైదుగురికి వంట జరుగుతుంది, గ్యాస్ పోగా మిగిలిన పేడనీళ్లు (స్లర్రీ) చెట్లకు ఎరువుగా పోతాయి. చలికాలంలో గ్యాస్ తగ్గుతుంది, కాబట్టి ఒక సిలిండరు ఉంచుకోండి.

ప్యానెళ్లను దక్షిణానికి సుమారు 20 డిగ్రీల వాలులో, స్లాబు మీద కాంక్రీటు దిమ్మెలు పోయించి బోల్టులతో బిగించండి. మన ప్రాంతపు గాలికి ఊరికే బరువులు పెట్టి నిలబెట్టిన చట్రాలు ఆగవు. పిడుగుల కోసం ఎర్తింగ్ విడిగా వేయించండి.

కనెక్షన్ మాత్రం చిన్నదైనా తీసుకుని, ప్యానెళ్లు, బ్యాటరీ, లైను మూడింటితోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టి, రెండు వర్షాకాలాలు గడిచాక లైను అవసరం పడలేదని తేలితే అప్పుడు తీసేయండి. ఇప్పుడు మీరుంటున్న ఇంటి మీటరు రీడింగు ఆషాఢం నుంచి భాద్రపదం దాకా రోజూ సాయంత్రం రాసి పెట్టి, ఆ అంకెలు ఇక్కడ పెడితే మీకు ఎంత బ్యాటరీ కావాలో నేను లెక్కవేసి చెబుతాను.