బెజవాడకు కొత్తగా వస్తున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ దీవెనలు.

ఆసుపత్రిలో రిజిస్ట్రేషన్ కౌంటర్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆమె గొంతులో సంతోషం కన్నా భయమే ఎక్కువ వినిపించింది. "బెజవాడోళ్ళు మాటకు ముందే మీద పడిపోతారట కదక్కా, ఇదేమో నోట్లో నాలుక లేని పిల్ల" అంది. నువ్వు కూడా మెసేజ్‌లో అదే అడిగావు, అక్కడి మనుషులతో ఎలా మెలగాలని. నేనూ శ్రీకాకుళం నీళ్ళు తాగి పెరిగినదాన్నే. బ్యాంకు బదిలీల మీద రాజమండ్రి, హిందూపురం, వరంగల్, గుంటూరు చూసి చివరికి ఇక్కడ సత్యనారాయణపురంలో స్థిరపడ్డాను. కాబట్టి విన్న మాటలు కాకుండా నాకు తెలిసినదే రాస్తాను.

రైలు దిగగానే ఆటోవాళ్ళు చుట్టూ మూగుతారు. "ఎక్కడికమ్మా, ఎక్కడికి" అంటూ సంచి మీద చెయ్యి వేసేదాకా వస్తారు. ఆ పది నిమిషాలను బట్టి ఊరి మీద అభిప్రాయం పెట్టుకోవద్దు. చెన్నై, ఢిల్లీ, హౌరా వైపు లైన్లన్నీ కలిసే జంక్షన్ ఇది. అక్కడ టీ అమ్మేవాడికైనా, ఆటో తోలేవాడికైనా పొద్దున్నుంచి రాత్రిదాకా కొత్త ముఖాలే. మన ఊళ్ళో బస్సు దిగిన కొత్తమనిషిని చూసి "ఎవరింటికమ్మా?" అని నలుగురు లేచి నిలబడేది, అక్కడ దిగేదే ఒకరిద్దరు కాబట్టి. ఇక్కడ అలా లేచి నిలబడాలంటే ఎవరికీ పూట గడవదు.

దారి అడగాలంటే కిళ్ళీ కొట్టులోనో, మందుల షాపులోనో, టిఫిన్ సెంటర్‌లోనో అడుగు. ఎక్కడికి వెళ్ళాలో, దాని పక్కన గుర్తు ఏమిటో ముందే చెప్పు. జవాబు రెండు ముక్కల్లో వస్తుంది: "అటెళ్ళి ఎడమకి తిరుగు." అండీ ఉండదు, చిరునవ్వు ఉండదు. ముఖం చిన్నబుచ్చుకోకు. నువ్వు తప్పు సందులోకి తిరిగితే వెనక నుంచి కేకేసి పిలిచేదీ ఆ మనిషే. "ఓ అమ్మాయ్, అటు కాదు!" అని ఆ కేక వింటే తిడుతున్నారేమో అనుకుంటావు. కొట్టు వదిలి పది అడుగులు వచ్చి మరీ దారి చూపించినవాళ్ళు నాకు ఎందరో తగిలారు, ఒక్కరు కూడా మెత్తగా మాట్లాడలేదు.

గుంటూరులో మాట ఇంకా పొట్టి. బ్రాడీపేటలో అడ్రసే రెండు అంకెలు, ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు, అంతే. గుంటూరోళ్ళు కారం తింటారు కాబట్టి కోపిష్టులని మన వైపు అనుకుంటారు కదా, నేను మిర్చి యార్డు ఖాతాదారులతో ఏళ్ళ తరబడి పనిచేశాను. సీజన్‌లో లక్షల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటే, ఘాటుకి అందరూ దగ్గుతుంటే, హమాలీల కేకల మధ్య బేరం చేసే మనిషి నెమ్మదిగా మాట్లాడితే వినపడదు. యార్డులో అరిచిన గొంతే బ్యాంకులోకీ వచ్చేది. ఆ అరిచినాయనే, చదువు రాని రైతు పక్కన కూర్చుని అతని ఫారం ఓపిగ్గా నింపి వెళ్ళేవాడు. కోపం వేరు, గొంతు వేరు. ఇది అర్థమైతే సగం టెన్షన్ పోతుంది.

ఈ ముద్రలు ఎక్కడివని ఆలోచిస్తే, మనుషుల మంచీచెడ్డల కన్నా నీళ్ళూ, ఉద్యోగాలూ, రాజకీయాలే ఎక్కువ కనిపిస్తాయి నాకు. 1855 నాటికే కృష్ణ మీద ఆనకట్ట వచ్చి డెల్టా పండింది, దాని వెనకే చదువులూ వ్యాపారాలూ వచ్చాయి. కోస్తావాళ్ళకు టెక్కు అని ఇతరులు అనడంలో ఆ ముందు దొరికిన నీళ్ళ పాత్ర ఉంది. సీమవాళ్ళకు కోస్తా మీద ఎంత అనుమానం ఉండేదంటే, 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ ఇంట్లో రెండు వైపుల నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. 1953లో రాజధాని కర్నూలుకు, 1954లో హైకోర్టు గుంటూరుకు రావడం వెనక ఉన్నది ఆ ఒప్పందమే. అలాంటి పంచాయితీల్లో పుట్టిన మాటలు ఇప్పుడు రైల్లో ఎదురు సీటు మనిషి మీద వేస్తున్నాం. హిందూపురం బదిలీ వచ్చినప్పుడు చుట్టాలంతా బాంబులంటూ నన్ను భయపెట్టారు. నేను చూసిందేమిటంటే, ఊళ్ళోకి రికవరీకి వెళ్తే అప్పు తీర్చలేని ఇల్లాలు కూడా ముందు "రామ్మా, సంగటి తిందువు" అనేది.

మన మీదా ఒక ముద్ర ఉంది, అది నీకు త్వరలోనే తెలుస్తుంది. శ్రీకాకుళమంటే అమాయకులు, కూలికి వలస వచ్చేవాళ్ళు అని. సినిమాల్లో నవ్వించడానికి మన యాస పెడతారు కాబట్టి నువ్వు "ఏటి" అనగానే ఎవరో ఒకరు అనుకరిస్తారు. నీ మాట మార్చుకోకు. నవ్వితే మొదటిసారి ఊరుకో, రెండోసారి "మా ఊళ్ళో ఇలాగే మాట్లాడతామండీ" అని ముఖం చూసి చెప్పు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున. ఆయన పుట్టింది మన ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోనూ ఉండాలని పోరాడిన మనిషి మన జిల్లావాడు, అది మనసులో పెట్టుకో.

ఇక ప్రశ్నలు. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నావిడ జీతమెంత, పెళ్ళెప్పుడు అని అడుగుతుంది. దురుసు అనిపిస్తుంది గాని, అది వాళ్ళకు మాట కలపడమే. చెప్పాలని లేకపోతే తిరిగి వాళ్ళ పిల్లల గురించి అడుగు, నీ జీతం సంగతి మర్చిపోతారు. గది కోసం తిరిగేటప్పుడు వచ్చే ప్రశ్న మాత్రం అలాంటిది కాదు. "మీరేమిట్లు?" అని కొందరు నేరుగా అడుగుతారు. కొందరు ఇంటిపేరు అడిగి, ఊరడిగి, ఆ ఊళ్ళో ఫలానావాళ్ళు తెలుసా అని అడిగి మన కులమేదో లెక్క కట్టుకుంటారు. "మనవాళ్ళేనా?" అని ఎంత ఆప్యాయంగా నవ్వుతూ అడిగినా అది స్నేహం కాదమ్మా. మనవాళ్ళం కాకపోతే ఆ నవ్వు ఆగిపోతుంది. "ఆసుపత్రిలో ఉద్యోగం, అద్దె టైముకి ఇస్తాను" అని చెప్పి ఊరుకో. మళ్ళీ అడిగితే ఆ ఇల్లు వద్దు. ఈ జబ్బు అన్ని జిల్లాల్లోనూ చూశాను. ఈ ఊరంటే నాకు ప్రాణం, అయినా ఈ ఒక్కదానికీ నేను సర్దిచెప్పను.

మాట కలపడం వేరు, ఫోన్ నంబర్ ఇవ్వడం వేరు. రాత్రి డ్యూటీ అయ్యాక బండి మీద దింపుతానన్నవాళ్ళకు, ఎంత మంచివాళ్ళైనా, వద్దని చెప్పు. అవసరమైతే 112కి ఫోన్ చెయ్యి, మొహమాటపడకు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు, ముక్కూముఖం తెలియని కుర్రాళ్ళు నడుం లోతు నీళ్ళలో పాలప్యాకెట్లు, అన్నం పొట్లాలు మోసుకెళ్ళారు. అదే నీళ్ళ మీద పడవకు ఇష్టమొచ్చినట్టు డబ్బు గుంజినవాళ్ళూ ఉన్నారు. బెజవాడోళ్ళు ఎలాంటివాళ్ళని ఎవరైనా నన్ను అడిగితే ఈ రెండూ కలిపే చెబుతాను.

నీ కౌంటర్ దగ్గరికి ఖమ్మం నుంచి, సూర్యాపేట నుంచి, మార్కాపురం నుంచి, నూజివీడు నుంచి జనం వస్తారు. వరంగల్‌లో నా అనుభవం చెబుతున్నాను, ఆ వైపు పెద్దాయన "నువ్వు జర రాసియ్యి బిడ్డా" అంటే అది చనువుతో అన్న మాట, నీకు మర్యాద తగ్గించడం కాదు. పక్క కౌంటర్‌వాళ్ళు మొహం ముడుచుకున్నా నువ్వు ముడుచుకోకు. గోదావరి జిల్లా ఆవిడ ప్రతి మాటకీ అండీ అంటూ నిలబడే ఉంటుంది, అర్థం కాలేదని పైకి చెప్పదు. ఆవిడకు నువ్వే మళ్ళీ ఒకసారి విడమరిచి చెప్పాలి. ఎవరొచ్చినా తలెత్తి చూసి, ముందు కూర్చోమని, ఏ ఊరి నుంచి వచ్చారో అడుగు. ఊరు తెలిస్తే సాయంత్రం వాళ్ళకు బస్సు ఉంటుందో, రాత్రికి ఇక్కడే ఉండాలో నువ్వే చెప్పగలుగుతావు. చేరిన వారంలోనే నెహ్రూ బస్టాండుకు వెళ్ళి, ఆ ఊళ్ళకు ఆఖరి బస్సులు ఎన్నింటికో కనుక్కుని ఒక కాగితం మీద రాసుకుని కౌంటర్‌లో అతికించుకో.

మీ పెద్దమ్మ