గ్లవ్ బాక్స్ లేకుండా సీసం లేని పెరోవ్‌స్కైట్ చేయొచ్చా? చేయొచ్చు, టిన్ మాత్రం వద్దు

మీ ప్రశ్న ఇది: ఎంఎస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు సీసం లేని పెరోవ్‌స్కైట్‌తో (ఒక ప్రత్యేక స్ఫటిక నిర్మాణం ఉన్న పదార్థం) ఎల్ఈడీ చేయాలి, టిన్‌తో మొదలుపెడితే రెండు రోజులకే వెలుగు పోయింది, గ్లవ్ బాక్స్ (గాలి, తేమ చొరబడని పని పెట్టె) లేదు, ఇప్పుడేం చేయాలి? తిరుపతిలో చదువుకునేటప్పుడు నేనూ సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

టిన్ వదిలేయండి. తప్పు మీ చేతిది కాదు. పెరోవ్‌స్కైట్‌లో టిన్ రెండు ధనావేశాలతో ఉండాలి, గాలి తగిలితే నాలుగుకు మారిపోతుంది. టిన్ ఫ్లోరైడ్ కలిపితే కొంత ఆగుతుంది గానీ బయట బెంచీ మీద నిలబడదు. నాకు నెలన్నర దానికే పోయింది.

తర్వాత నేను పట్టుకున్నది సీజియం కాపర్ అయోడైడ్. సీజియం 3, కాపర్ 2, అయోడిన్ 5. నిర్మాణం చూస్తే ఇది అసలు పెరోవ్‌స్కైట్ కాదు, వైవాలో తప్పకుండా అడుగుతారు, ముందే మీరే చెప్పేయండి. 445 నానోమీటర్ల దగ్గర నీలం వెలుగిస్తుంది. జపాన్‌లో హోసోనో బృందం 2018లో దీని సింగిల్ క్రిస్టల్‌కు సుమారు 90 శాతం పీఎల్‌క్యూవై చూపించింది. అంటే పది ఫోటాన్లు తాగితే తొమ్మిది తిరిగి ఇస్తుంది. చేయడం కూడా తేలికే. ఒక గ్రాముకు సీజియం అయోడైడ్ 0.672 గ్రాములు, కాపర్ అయోడైడ్ 0.328 గ్రాములు వేసి అగేట్ కల్వంలో ఓపిగ్గా నూరాలి.

మొదటిసారి నూరి, నోట్లు చూసే యూవీ టార్చ్ వేస్తే దాదాపు ఏమీ వెలగలేదు. ఏడుపొచ్చింది. పారబోయబోతుంటే కెమిస్ట్రీలో చదివే స్నేహితురాలు టీఎల్‌సీ (పలచని పొర క్రోమటోగ్రఫీ) ప్లేట్లు చూసే క్యాబినెట్‌లో పెట్టి 254 నానోమీటర్ల యూవీ బల్బు వేసింది. పొడి మొత్తం నీలంగా వెలిగిపోయింది! ఈ పదార్థం 300 నానోమీటర్ల చుట్టుపక్కల వెలుగునే బాగా తాగుతుంది, నా టార్చ్ 365ది. మీరూ శాంపిల్ పారేసేముందు 254 కింద చూడండి. కళ్లద్దాలు లేకుండా మాత్రం వద్దు, కళ్లు దెబ్బతింటాయి.

నా పొడిలో అక్కడక్కడా పసుపు చుక్కలు కూడా కనిపించాయి. అది కాపర్ ఎక్కువైన ఇంకో సమ్మేళనం, సీజియం 1, కాపర్ 2, అయోడిన్ 3. సీజియం అయోడైడ్ తేమ పీల్చుకుంటుంది. నీటి బరువు కూడా కలిపి తూచేస్తాం, సీజియం తగ్గిపోతుంది. ఓవెన్‌లో ఆరబెట్టి తూచాక పసుపు పోయింది. నవంబర్ వానల్లో అది మళ్లీ వచ్చింది. మూత సరిగా పెట్టని సీసాలో అంచుల నుంచి పసుపు తిరిగింది, తేమ సీజియం అయోడైడ్‌ను లాగేస్తుంది కాబట్టి. గాలికి నిలుస్తుందని పేపర్లలో చదివి మన వానాకాలాన్ని తక్కువ అంచనా వేయకండి, డెసికేటర్‌లో (తేమ లేకుండా ఉంచే మూత పాత్ర) పెట్టండి.

ఇక అసలు విషయం. ఈ పదార్థాన్ని నులక మంచం అనుకోండి. మనిషి కూర్చోగానే నులక కుంగుతుంది, అతను ఆ గుంటలోనే ఉండిపోతాడు. కాంతి పడగానే పుట్టే ఎలక్ట్రాన్-హోల్ (ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ) జంట కూడా చుట్టూ ఉన్న అయాన్లను కుంగదీసి అందులోనే చిక్కుకుంటుంది. సెల్ఫ్ ట్రాప్డ్ ఎక్సైటాన్ అనేది దీన్నే. చిక్కుకున్న జంట లోపాల వైపు పోదు, అందుకే అంత వెలుగు. కానీ కరెంటుతో వెలిగించాలంటే ఆవేశాలు లోపల నడవాలి, వాటికి అదే గుంట అడ్డం. సీసం ఉన్న పెరోవ్‌స్కైట్ ఎల్ఈడీలు 2018లోనే 20 శాతం ఈక్యూఈ (పంపిన ఎలక్ట్రాన్లలో ఎన్నింటికి ఒక ఫోటాన్ బయటికి వస్తుందో ఆ వాటా) దాటాయి. కాపర్ అయోడైడ్‌తో తొలినాళ్లలో చేసినవి ఒక శాతం దగ్గరే ఆగాయి.

అలాగని సీసం వైపు వెళ్లమనను. మా మేనమామది చిత్తూరులో పాత బ్యాటరీల షాపు. సీసం కరిగించే చోట పిల్లలు ఆడుకుంటుంటే చూస్తూ పెరిగాను. ఆ పెరోవ్‌స్కైట్లలో సీసం నీళ్లలో కరిగే రూపంలో ఉంటుంది, అది ఇంకా ప్రమాదం.

కాబట్టి సినాప్సిస్‌లో ‘ఎల్ఈడీ’ అని రాసేముందు ఏ ఎల్ఈడీయో తేల్చుకోండి. కరెంటుతో నేరుగా వెలిగేది ఒక సెమిస్టర్‌లో మన సదుపాయాలతో కాదు. యూవీ చిప్ మీద పొడి పూసి తెల్లటి వెలుగు తెప్పించేది అవుతుంది. దానికి డబుల్ పెరోవ్‌స్కైట్ (రెండు లోహాలు మారిమారి కూర్చునే పెరోవ్‌స్కైట్) మంచిది: సీజియం సిల్వర్ ఇండియం క్లోరైడ్. ఒట్టిది దాదాపు వెలగదు. సిల్వర్‌లో 40 శాతం చోట్ల సోడియం పెట్టి, చిటికెడు బిస్మత్ కలిపితే వెచ్చని తెలుపు వస్తుంది. చైనాలోని వుహాన్ బృందం 2018లో దీనితో 86 శాతం పీఎల్‌క్యూవై సాధించింది, వెయ్యి గంటలకు పైగా నిలిచిందని కూడా చూపించింది. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేసి మూసి వేడిచేసే హైడ్రోథర్మల్ పద్ధతి, టెఫ్లాన్ లైనింగ్ ఉన్న ఆటోక్లేవ్ (ఒత్తిడి తట్టుకునే మూత పాత్ర) చాలు. ఇండియం ఖరీదు, కాబట్టి చిన్న బ్యాచ్‌లు చేయండి.

ఆటోక్లేవ్ దొరికితే ఇదే చేయండి. లేకపోతే కాపర్ అయోడైడ్‌తో వెలుగు, తేమకు నిలకడ మాత్రమే చూసి, వారం వారం స్పెక్ట్రమ్ తీసి పెట్టుకోండి. కాపర్ అయోడైడ్ సీసా తెరిచినప్పుడు పొడి గోధుమ రంగుకు తిరిగి ఉంటే అది వాడకండి, కొత్తది అడగండి.